సున్నం మీదకి నిమ్మచెక్క

"సార్, యాసిడ్‌కి బేస్ సమానంగా కలిస్తే ఇంక గొడవుండదు కదా?"

అడిగింది యలమంద. మెటల్ ఆక్సైడ్ల క్లాసులో అడిగాడు గానీ, అడిగిన తీరు చూస్తే పరీక్ష కోసం అడిగినట్టు లేదు. ఇన్నయ్య సారు చాక్‌పీస్ పట్టుకుని వాడి వైపు తిరిగాడు.

"గొడవ అంటే ఏందిరా?"

"అదే సార్. ఇది కాల్చుద్ది, అదీ కాల్చుద్ది. రెండూ కలిస్తే ఉప్పూ నీళ్లూ. కాల్చేది ఏం మిగల్దు. అంతే కదా?"

సారు "రేపు పొద్దున్నే వచ్చి సున్నం నానబెట్టండి, సమాధుల పండగ దగ్గరకొచ్చింది" అని బోర్డు తుడిచేశాడు.

అదీ ఆయన పద్ధతి. ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, పని చెప్తాడు. ఒకసారి మా బాషా, ఇనుము ఎందుకు తుప్పు పట్టుద్ది, బంగారం ఎందుకు పట్టదు అని అడిగినందుకు షెడ్డు గేటు మొత్తం వాడితో గీకించి నూనె పూయించాడు. గేటు బాగుపడింది, బాషాకి జవాబు అర్థమైందో లేదో ఇప్పటికీ చెప్పడు. అందుకే మా బ్యాచ్‌లో డౌట్లు తక్కువ. లేక కాదు, ఓపిక లేక.

మాది పల్నాడులో సున్నం బట్టీల ఊరు. పొద్దున ఆరేసిన నల్ల చొక్కా సాయంత్రానికి బూడిదరంగులోకి వచ్చుద్ది. సారు గవర్నమెంటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరై, ఆగిపోయిన పాత బట్టీ పక్కన రేకుల షెడ్డులో మాకు ట్యూషన్ చెప్తన్నాడు. కిటికీలోంచి చూస్తే బట్టీ కనపడుద్ది కాబట్టి సున్నం పాఠం వచ్చిందంటే ఆయనకి పుస్తకం అక్కర్లేదు. ఆ రోజు కూడా అట్టానే చెప్పాడు.

"కాల్షియం తన దగ్గరున్న రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చేసుద్ది. ఆక్సిజన్ ఆ రెండూ పుచ్చుకుంటది. ఇచ్చింది ప్లస్సు, పుచ్చుకుంది మైనస్సు. ఇంక అవి ఒకదాన్నొకటి వదలవు. ఒక జంట కాదు, అన్ని దిక్కులా అన్నీ పట్టుకునుంటయ్. అందుకే ఆ బట్టీలో మంట, రాయిలో ఉన్న గ్యాస్‌ని వెళ్ళగొట్టగలిగింది గానీ, మిగిలిన తెల్లగడ్డని కరిగించలేకపోయింది. దాన్ని కరిగించాలంటే ఆ మంటకి రెండింతల పైనే కావాలి. అంత మొండిది. అట్టాంటిదాని మీద చెంబుడు నీళ్లు పోయండి, పొడైపోద్ది."

"మా నాన్న లాగా సార్" అన్నాడు బాషా. "మా తాత కర్ర తీసుకున్నా చలించడు. మా అమ్మ ముక్కు చీదితే చాలు."

"మీ నాన్న అయానిక్ రా" అన్నాడు సారు. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, మళ్ళీ పాఠంలోకొచ్చాడు. ఆ ఆక్సైడ్ అయాను నీళ్ళలో ఊరికే ఉండలేదంట, నీళ్ళ దగ్గర్నించి హైడ్రోజన్ లాక్కుని హైడ్రాక్సైడ్ అయిపోద్దంట, ఆ లాక్కోటంలోనే వేడి పుట్టుద్దంట. మెగ్నీషియం ఆక్సైడ్ అయితే కొలిమి లోపల ఇటుకలు చేసేంత మొండి, నీళ్లు పోసినా సరిగ్గా పలకదు. సోడియం ఆక్సైడ్‌కి నీళ్ళ మాట చెప్తే చాలు మండిపడుద్ది. "అన్నీ ఒక జాతే. ఒక్కోదానికి ఒక్కో రోషం" అన్నాడు. తర్వాత, ఇవన్నీ బేసులు కాబట్టి యాసిడ్ పోస్తే ఉప్పూ నీళ్లూ అవుతయ్ అన్నాడు. యలమంద చెయ్యెత్తింది అక్కడే.

వాడు దేని గురించి అడుగుతున్నాడో నాకు తెలుసు. ఆ రోజు క్లాసు మొదలవకముందే చెప్పాడు.

యలమంద, శౌరి ఆరో తరగతి నుంచీ ఒకే సైకిలు. ఒకడు తొక్కితే ఒకడు వెనక కూర్చునేది. యలమంద వాళ్ళ నాన్న బట్టీలో లారీలకి సున్నం ఎత్తుతాడు. మొన్నామధ్య ఒక పెళ్ళిలో ఆయన తన విస్తట్లో లడ్లు తినకుండా తువ్వాలులో మూటగట్టుకుంటుంటే శౌరి ఫోన్లో వీడియో తీశాడు. తీసి, దానికో పాట తగిలించి, కింద "పార్సిల్ సర్వీస్" అని రాసి మా బ్యాచ్ గ్రూపులో పెట్టాడు. గ్రూపు నవ్వీ నవ్వీ చచ్చింది. అక్కణ్ణుంచి అది బట్టీల దగ్గర ఆటోవాళ్ళ గ్రూపులోకి పోయింది. ఎవడో తీసుకెళ్ళి ఆయనకే చూపించాడు. ఆ తర్వాత ఆయన సొంత మేనకోడలు ఓణీల ఫంక్షన్‌కి కూడా పోలా. జ్వరమని చెప్పి పడుకున్నాడంట. యలమంద అడిగితే శౌరి "ఊరికేరా, జోక్" అన్నాడు. అప్పట్నుంచి మాటల్లేవు.

ఇప్పుడు యలమంద ఫోన్లో శౌరి పంపిన పాత వాయిస్ ఒకటుంది. దోస్తులుగా ఉన్నప్పటిది. వాళ్ళమ్మ గురించి వాడు ఏడ్చుకుంటా చెప్పింది. అందులో ఏముందో ఇక్కడ రాయను, అవసరం లేదు. అది గ్రూపులోకొస్తే వాళ్ళమ్మ బజార్లో తలెత్తుకోలేదు, శౌరి ఇంక ట్యూషన్‌కీ రాడు, కాలేజీకీ రాడు. అంతవరకు తెలిస్తే చాలు.

"రేపు సాయంత్రం పెడతా ఫిలో" అన్నాడు యలమంద నాతో. నా పేరు ఫిలోమినా, అంత పొడుగు ఎవరూ పిలవరు. "వాడు మా నాన్నని పెట్టాడు. నేను వాళ్ళమ్మని పెడతా. సమానం. ఇంక ఆ తర్వాత నాకు వాడి మీద కోపం కూడా ఉండదు."

"నిజంగా ఉండదా?"

"ఉండదే. ఎందుకుంటది? లెవెల్ అయిపోద్దిగా."

నాకు వాడు చెప్పింది తప్పనిపించింది గానీ యాడ తప్పో దొరకలా. వాళ్ళ నాన్న తప్పేం లేదు కదా. మరి వాళ్ళమ్మ తప్పు కూడా లేదు. రెండు తప్పులు సున్నా అవుతాయా, రెండవుతాయా? సార్ చెప్తాడులే అనుకున్నా. ఆయనేమో సున్నం నానబెట్టమన్నాడు.

సమాధుల పండగ అంటే చచ్చిపోయిన మా వాళ్ళ సమాధులకి సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే రోజు. మా చర్చి గుడోళ్ళందరికీ సున్నం ప్రతి ఏడూ సారు షెడ్డులోనే నానుద్ది. ఎవరింట్లో వాళ్ళు నానబెట్టుకుంటే చేతులు కాల్చుకుంటారని ఆయనే పెట్టిన పద్ధతి. ట్యూషన్ పిల్లలే పనోళ్లు. సమాధులున్నోళ్ళా, లేనోళ్ళా అని చూడడు. యలమంద వాళ్లు శివుడి కొండకి పోయే భక్తులు, బాషా సంగతి సరే సరి. అందరూ రావాల్సిందే.

పొద్దున్నే పోయేసరికి పెద్ద ఇనప డ్రమ్ములో సగానికి నీళ్లు పట్టించి ఉంచాడు సారు. ఆయన రూలొకటే. గడ్డ నీళ్ళలోకి పోవాలి, నీళ్లు గడ్డ మీదకి రాకూడదు. ఒక్కో గడ్డ పొడుగు గరిటెతో జారవిడవాలి, ఒకళ్లు గెడతో కలుపుతానే ఉండాలి. డ్రమ్ములో బుడబుడమని ఉడుకుద్ది, ఆవిరొస్తది, కానీ అన్ని నీళ్ళలో దాని కోపం సరిపోక అణిగిపోద్ది. కావాలనో ఏందో గానీ సారు యలమందకి గెడ ఇచ్చాడు, శౌరికి గరిటె ఇచ్చాడు. నన్నూ బాషానీ గడ్డలు మోయమన్నాడు.

డ్రమ్ముకి ఇటొకడు, అటొకడు. మాటల్లేవు. మధ్యలో నేను.

"ఫిలో, ఆయన్ని గెడ కొంచెం అటు జరపమను."

"ఫిలో, ఆయనకి కళ్ళున్నయ్ గదా, సందు చూసి వేసుకోమను."

"ఫిలో, ఆయనకి చెప్పు, సందు ఇస్తే కదా చూసేది."

"నేను పోస్టాఫీసు కాదు" అన్నా. "మీరిద్దరూ ఈ గడ్డలు మోయండి, నేనూ బాషా కలుపుతాం." ఎవరూ వినలా.

అంతలో గుడి నుంచి, ఫాదర్ లేనప్పుడు ప్రార్థన చెప్పించే ఉపదేశి వచ్చాడు, ఎన్ని బకెట్లు కావాలో చెప్పటానికి. సారు గేటు దాకా పోయాడు. శౌరికి యలమంద ముఖం చూస్తా నిలబడటం ఇష్టం లేదో, తొందరగా అవగొట్టి పోదామనుకున్నాడో, మిగిలిన చిన్న గడ్డలన్నీ ఒక ఇనప తట్టలో వేసుకుని పక్కకి పోయి కూర్చున్నాడు. ఒక మగ్గు నీళ్లు తీసుకుని తట్టలో గడ్డల మీద పోశాడు.

ఏం కాలా. నీళ్లు ఎక్కడికి పోయినయ్యో కూడా తెలీలా, గడ్డలు పీల్చేసుకున్నయ్. శౌరి "ఇది చచ్చిన సున్నంలా ఉంది" అనుకుంటా దగ్గరకి వంగి చేత్తో తట్ట కదిపాడు. అప్పుడు మొదలైంది. ముందు సన్నగా ఈల వేసినట్టు చప్పుడు, తర్వాత గడ్డలు చిట్లినయ్, తర్వాత తట్ట మొత్తం ఒక్కసారి పైకి లేచినట్టు ఉమ్మింది. వేడి సున్నం ముద్ద వాడి ముంజేతి మీద పడింది. మోచేతి దాకా పడింది. పైన పొడి కూడా. వాడు అరవలా. చెయ్యి దూరంగా పట్టుకుని అట్టానే కింద కూర్చుండిపోయాడు, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూస్తా.

యలమంద గెడ పారేసి పరిగెత్తాడు. శౌరి దగ్గరకి కాదు, గేటు వైపు. పారిపోతున్నాడనుకున్నా. సారు ఎదురొచ్చాడు, వాణ్ణి దాటుకుని లోపలికొచ్చి, భుజం మీద పొడి కండువాతో శౌరి చేతి మీదున్న సున్నం పొడీ ముద్దా దులిపేస్తన్నాడు.

యలమంద తిరిగొచ్చాడు. గేటు బయట సోడా బండి మీద నుంచి నిమ్మచెక్క తెచ్చాడు. సోడా బండాయన వెనకాల అరుస్తానే ఉన్నాడు. వీడు వచ్చీ రాగానే శౌరి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, ఎర్రగా అయిన చోట నిమ్మచెక్క పిండబోయాడు.

సారు కొట్టాడు. ఆయన మా మీద ఎప్పుడూ చెయ్యెత్తి ఎరగడు. వాడి చేతి మీద ఒక్కటేశాడు, నిమ్మచెక్క ఎగిరి మట్టిలో పడింది.

"సార్, అది బేస్ సార్" అన్నాడు యలమంద. "యాసిడ్ పెడితే న్యూట్రల్ అయిపోద్ది. మీరే చెప్పారు."

"నీళ్లు పొయ్."

యలమంద మగ్గు తీసుకున్నాడు.

"మగ్గు కాదు. పైపు పెట్టు."

"నీళ్లు పోసినందుకేగా సార్ కాలింది. మళ్ళీ నీళ్ళేంది?"

"కొంచెం పోశాడు. అందుకే కాలింది. నువ్వు కొంచెం పోయమాక." సారు బోరు పైపు వాడి చేతిలో పెట్టాడు. "ఆటో తెస్తా. నేను వచ్చేదాకా ఆపొద్దు."

"ఎంతసేపు సార్?"

"ఆపొద్దన్నా."

ఆయన రోడ్డు మీదకి పోయాడు, బాషాని ఉరికిచ్చుకుంటా. నేను శౌరి మోచెయ్యి కింద పట్టుకున్నా, యలమంద పైపు పట్టుకున్నాడు. నీళ్లు తెల్లగా పారినయ్, తర్వాత కొంచెం తెల్లగా, తర్వాత మామూలుగా. అయినా ఆపలా. మా ముగ్గురి కాళ్ళ కిందా బురద. డ్రమ్ములో సున్నం తనపాటికి తను బుడబుడమంటంది, దాన్ని కలిపేవాళ్ళు లేరు.

చాలాసేపటికి శౌరి నోరు తెరిచాడు. యలమందతోనే మాట్లాడాడు, నా ద్వారా కాదు.

"నిమ్మచెక్క ఎందుకు తెచ్చావురా?"

"న్యూట్రల్ చేద్దామని."

"కాలిన చోట పిండితే ఎట్టా ఉంటదో తెలుసుగా నీకు."

యలమంద చేతిలో పైపు కొంచెం కదిలింది, నీళ్లు నా మొహం మీద పడ్డయ్. భుజానికి తుడుచుకున్నా.

"తెలుసు" అన్నాడు.

"మరి?"

"ఏమోరా."

శౌరి నవ్వబోయాడు గానీ నొప్పికి నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఆ లడ్లు మా నాయనమ్మకి" అన్నాడు యలమంద. "ఆమె మంచం దిగలేదు. ఏ పెళ్ళికి పోయినా ఆయన ఆమెకి పట్టుకొస్తాడు."

"తెలుసురా. మీ ఇంట్లో ఎన్నిసార్లు తినలేదు నేను ఆ లడ్లు, ఆమె పెడితే."

"తెలిసే తీశావా?"

"తీసేటప్పుడు జోక్‌కి తీయలా. మీ నాన్న ఆ మూట ఎట్టా కట్టాడో చూశావా, పొడి రాలకుండా. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏం పట్టుకురారు. అది చూస్తా తీశా. ఇంటికెళ్ళి మళ్ళీ చూసుకున్నా. తర్వాత పాట పెట్టేశా."

"అదేందిరా? బాగుందనిపిస్తే పాట పెట్టి నవ్విస్తారా?"

"ఏమో. నాకూ తెలీట్లా."

నాకు ఇద్దరినీ ఆ డ్రమ్ములో వేసి కలపాలనిపించింది. ఒకడు మంచిగా చూసి చెడ్డ పని చేశానంటాడు. ఇంకొకడు మంచి చేయబోయాడో చెడు చేయబోయాడో వాడికే తెలీదంట. ఇట్టాంటి లెక్కకి ఎటు పక్క ఏం రాయాలి?

ఆటో వచ్చింది. పీహెచ్‌సీలో సిస్టరమ్మ చెయ్యి చూసి, తిప్పి చూసి, "నీళ్లు బాగా పోశారు, లేకపోతే లోపలికి తినేసేది" అంది. పెద్దాసుపత్రికి ఒకసారి పోయి చూపించుకోమని చీటీ రాసిచ్చింది. కట్టు కడతా అడిగింది. "పసుపు, టూత్‌పేస్టు, నిమ్మకాయ, ఇట్టాంటివేం పూయలేదుగా?"

యలమంద గోడ మీద టీకాల బొమ్మ చూస్తన్నాడు.

"లేదు సిస్టర్" అన్నాడు శౌరి. "ఎవరూ ఏం పూయలా."

మధ్యాహ్నం దాటాక శౌరి వాళ్ళ బాబాయి వచ్చి వాణ్ణి తీసుకుపోయాడు. బాషా ఇంటికి పోయాడు. సారూ, యలమందా, నేనూ షెడ్డుకొచ్చాం. డ్రమ్ములో సున్నం చల్లబడి పెరుగులా పేరుకుంది. సారు కలిపి చూసి, "పర్లేదు" అన్నాడు, మూత పెట్టాడు. తర్వాత తట్టలో మిగిలిన సున్నం ముద్ద కొంచెం టెస్ట్‌ట్యూబ్‌లోకి తీసుకుని షెడ్డు లోపలికి నడిచాడు. మమ్మల్ని పిలవలా. మేమే వెనకాల పోయాం.

"దీనికి యాసిడ్ పోస్తే ఏమవుద్దో రాయి" అన్నాడు, చాక్‌పీస్ యలమంద చేతిలో పెట్టి.

యలమంద బోర్డు మీద రాశాడు. కాల్షియం హైడ్రాక్సైడు, హైడ్రోక్లోరిక్ యాసిడ్డు, బాణం గుర్తు, అవతల కాల్షియం క్లోరైడూ నీళ్లూ.

"సరిపోయిందా?"

వాడు వేళ్ళతో లెక్కపెట్టుకుని, యాసిడ్ ముందు రెండు వేశాడు, నీళ్ళ ముందు రెండు వేశాడు. "ఇప్పుడు సరిపోయింది సార్."

"ఒకటికి ఒకటి కాదా?"

"కాదు సార్. దీనికి రెండు కావాలి."

"నువ్వేమో సమానం అంటివి." సారు టెస్ట్‌ట్యూబ్ వాడి చేతికిచ్చాడు. "పట్టుకో. అడుగున పట్టుకో."

అలమారలోంచి యాసిడ్ సీసా తీసి డ్రాపర్‌తో కొంచెం కొంచెం వదిలాడు. తెల్లముద్ద కరుగుతా పోయింది. పొగలు రాలా, చప్పుడు కాలా. చూట్టానికి చాలా శాంతంగా ఉంది. యలమంద మొహం మాత్రం మారుతుంది. ఇంకో చుక్క. ఇంకో చుక్క. వాడు ట్యూబ్‌ని వేలి కొసలకి మార్చుకున్నాడు, ఆ తర్వాత ఇంక పట్టుకోలేక స్టాండ్‌లో పెట్టేశాడు. లోపల నీళ్ళలాగా తేటగా ఉంది.

"న్యూట్రల్" అన్నాడు సారు. ఎర్రదొకటి, నీలందొకటి లిట్మస్ ముక్కలు ముంచి చూపించాడు, రెండూ రంగు మారలా. "నువ్వు చెప్పిందే. కాల్చేదేం మిగల్లా." అని బోర్డు వైపు చూశాడు. "నీ చెయ్యి కాలింది. అది నువ్వు రాసిందాంట్లో యాడుంది?"

యలమంద బోర్డు చూశాడు. నేనూ చూశా. ఎడం పక్కా కుడి పక్కా అన్నీ సరిపోయినయ్. కాల్షియంలు సరిపోయినయ్, క్లోరిన్లు సరిపోయినయ్. వేడి ఎక్కడా లేదు.

"రాయలేదు సార్."

"ఊఁ" అన్నాడు సారు. "పరీక్షలో రాయకపోయినా మార్కులేస్తారు."

ఇంక ఏమన్నా చెప్తాడేమోనని చూశాం. ఆయన సీసాకి బిరడా పెడతన్నాడు.

"అయితే వాడు చేసిందానికి నేనేం చేయకూడదంటారా?" అన్నాడు యలమంద. గొంతులో కోపముంది. "మా నాన్న బయటికి రావట్లేదు సార్. దానికేంది మరి? ఊరుకుంటే ఆయనకి సరిపోద్దా?"

"నేను కెమిస్ట్రీ చెప్పా."

"అది కాదు సార్."

"నాకు వచ్చింది అదేరా."

యలమంద బెంచీ మీద కూర్చున్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. సాయంత్రం అవుతుంది, వాడు పెడతానన్న టైము అదే. ఆ వాయిస్ తెరిచి ఉంది, నాకు కనపడతంది, బొటనవేలు దాని పక్కనే ఉంది. నొక్కుతాడనుకున్నా. నొక్కొద్దని చెప్దామని నోరు తెరిచా గానీ, మరి మా నాన్న సంగతేందంటే ఏమని చెప్పాలి?

వాడు నొక్కలా, తీసేయలా. ఫోన్ చేతిలోనే ఉంచుకున్నాడు. సారు టెస్ట్‌ట్యూబ్ కడిగాడు, బ్రష్‌తో మళ్ళీ కడిగాడు, వెలుతురులో పెట్టి చూశాడు.

"సార్" అన్నాడు యలమంద. ఈసారి గొంతులో కోపం లేదు, అది పోయి ఏం మిగిలిందో నాకు అర్థం కాలా. "పొద్దున సోడా బండి దగ్గరకి పరిగెత్తా కదా. వాడి చెయ్యి బాగు చేద్దామనే పరిగెత్తా. అప్పుడు అట్టానే అనుకున్నా. వాడు నీళ్ళ కింద అడిగిన కాణ్ణుంచి గుర్తు తెచ్చుకుంటన్నా. పిండేటప్పుడు వాడు అరుస్తాడని కూడా అనుకున్నా. అరవాలనే అనుకున్నానేమో. రెండూ ఒకేసారి అనుకున్నానేమో సార్. ఎందుకు తెచ్చానో నాకే తెలీట్లా."

సారు వాడి వైపు తిరగలా. ట్యూబ్ బోర్లించి నీళ్లు కారనిచ్చాడు.

"తెలిసేదాకా చేతిలో ఉన్నది కిందపెట్టురా."